ఎడారి గులాబీకి బీపీ

ఆ ఎండాకాలం మా అక్క ఇంట్లో ఇద్దరం ఖైదీలం. ఇద్దరి నేరమూ ఒకటే, కింద పడటం. మా బావ కటింగ్ షాపులో ఒకాయనకి గడ్డం గీస్తూ గీస్తూ గుండె పట్టుకుని పడ్డాడు. ఆ గడ్డం ఆయన చెంప మీద నురగతోనే పరిగెత్తుకొచ్చి మా అక్కని పిలిచాడు. నేనేమో ఒక మేడకి రంగేస్తూ నిచ్చెన మీంచి పడ్డాను. నాకోసం ఎవరూ పరిగెత్తలేదు, రంగు డబ్బా మాత్రం నా వెనకాలే దొర్లుకుంటూ వచ్చింది.

బావ గుండెలో చిన్న స్ప్రింగు లాంటిదేదో పెట్టారు. నాకు తొడ నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. ఒంటికాయ సొంటికొమ్ముని కాబట్టి అక్క నన్నూ తన ఇంటికే మోయించుకొచ్చింది. ఆవిడ అప్పుడే ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం నుంచి రిటైరయింది. వార్డు లేక చేతులు దురదపెడుతున్నాయేమో, దేవుడు చూసి జాలిపడి ఇద్దరు పేషెంట్లని ఇంటికే పంపించాడు.

నేను పెద్దగా చదువుకోలేదు. అయిదో తరగతి నన్ను రెండేళ్ళపాటు చదివి, వీడు అర్థం కావటం లేదని వదిలేసింది. కాబట్టి అలంకారాలు నాకు రావు. జరిగింది జరిగినట్టు చెప్తాను, మధ్యలో నవ్వొస్తే మీ ఇష్టం.

ఇల్లు రెండో అంతస్తు. లిఫ్టు లేదు. రెండు గదులు, ఒక వంటిల్లు, వీధి వైపు సన్నటి బాల్కనీ. ఆ బాల్కనీలో కూచుంటే సరిగ్గా ఎదురుగా, వీధికి అవతల, బావ పనిచేసే షాపు. లోపల రెండు కుర్చీలు. ఒకదాని దగ్గర ఓనరు. రెండోది బావది. దాని మీద నీలం తువ్వాలు కప్పి ఉండేది. పొద్దున్న షట్టరు లేచిన దగ్గర్నుంచి దిగేదాకా బావ ఆ తువ్వాలునే చూస్తూ కూచునేవాడు. ఆకలితో ఉన్నవాణ్ణి తీసుకెళ్ళి హోటలు అద్దం ముందు కట్టేసినట్టు.

"బామ్మర్దీ, ఆ మనిషికి చెవి వెనకాల జుట్టు మెట్టు పడింది చూశావా?" అనేవాడు. ఓనరు కత్తెర మీద అంత దూరం నుంచి తీర్పులన్నమాట.

"నాకు ఇక్కణ్ణుంచి చెవే కనపడట్లేదు బావా."

"నీకు కనపడదులే. నువ్వు గోడలకి మాత్రమే గడ్డం గీస్తావు."

డాక్టరు బావని నెమ్మదిగా నడవమన్నాడు. మెట్లు దిగచ్చు, ఎక్కచ్చు, కొన్నాళ్ళు పోయాక పనిలోకీ వెళ్ళచ్చు అన్నాడు. నా ముందే అన్నాడు. అక్క అన్నీ విని, బుర్ర ఊపి, ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టేసింది. అదేమిటే అంటే, "డాక్టరు చెప్తాడు. పక్కన పడుకుని ఊపిరి వినేది నేను" అంది.

పొద్దున్న బీపీ. చీకటి పడే ముందు బీపీ. మధ్యలో మాత్రలు. ఉప్పు డబ్బా పై అరలోకి వెళ్ళిపోయింది. బావ చెయ్యి పైకి ఎత్తకూడదు, నేను కాలు కింద పెట్టకూడదు. అంటే ప్రపంచంలో ఆ డబ్బాకి ఉన్నంత భద్రత ఏ ఖజానాకీ లేదు. బావ కత్తెరలూ దువ్వెనలూ గడ్డం కత్తీ ఉన్న రేకు పెట్టె కూడా దాని పక్కనే చేరింది.

షాపు ఓనరు మంచివాడు. అప్పుడప్పుడూ వీధిలోకి వచ్చి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచేవాడు.

"అన్నా! ఎప్పుడొస్తున్నావు?"

బావ నోరు తెరిచేలోపు అక్క వంటింట్లోంచే, "ఇప్పుడప్పుడే రారు!" అని కేకేసేది.

"వదినా, స్కూళ్ళు తెరిచేదాకా ఆ కుర్చీ ఇంకొకడికి ఇవ్వను. తెరిచే ముందు మాత్రం ఊళ్ళో తలలన్నీ ఒక్కసారి నా మీద పడతాయి. అప్పుడు ఒక్కణ్ణీ చెయ్యలేను. మీరే ఆలోచించుకోండి."

అక్క ఆలోచించుకునేది కాదు. బావే ఆలోచించేవాడు. ఆ కుర్చీలో ఇంకొకడు నిలదొక్కుకున్నాడంటే మళ్ళీ లేవడు. అది పోతే ఈ వయసులో ఇంకో షాపువాడు బావని పిలవడు. ఆయనకి ఇక మిగిలేది ఈ బాల్కనీ, అందులో నా మొహం.

నేను చూస్తూ ఊరుకునే రకమా? బావమరిది బతక కోరతాడని సామెత. ఒకరోజు పథకం వేశాను. మధ్యాహ్నం అక్క బట్టలు మడతపెడుతుండగా లోపలి గదిలోంచి "అమ్మో కాలు! అక్కోయ్ కాలు!" అని పెడబొబ్బ పెట్టాను. అక్క పరిగెత్తుకొచ్చింది. అదే అదను, బావ చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటేశాడు. అక్క నా కాలి వేళ్ళు గిల్లింది, నొక్కింది, గోళ్ళ రంగు చూసింది. నేను మెలికలు తిరిగాను. ఆవిడ నా మొహం వంక చూసి, "ఏడ్చేటప్పుడు ఎడమ కన్ను కొట్టకూడదురా" అని లేచి నేరుగా మెట్ల వైపు వెళ్ళింది.

బావ పారిపోలేదు. మెట్లు సగం దిగి, మలుపు దగ్గర కూచుని ఉన్నాడట, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని. అక్క రెక్క పట్టుకుని పైకి తీసుకొచ్చింది. ఆ తర్వాత గడియ ఒక్కటే కాదు, తాళం కూడా పడింది. తాళంచెవి అక్క నడుముకి చేరింది.

"ఆయాసం వచ్చిందా బావా?" అని అడిగాను తర్వాత.

"ఆయాసం కాదురా." షాపు వైపు చూశాడు. "అక్కడ పడిపోతే మీ అక్కకి వినపడదేమో అనిపించింది."



సరిగ్గా ఆ రోజుల్లోనే నా మేనకోడలు వచ్చింది. వేరే ఊళ్ళో మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. అమ్మానాన్నల్ని చూసి పోదామని ఒక అట్టపెట్టెతో దిగింది. పెట్టెలో రెండు కుండీలు.

"ఇది ఫెర్న్. అమ్మకి. ఇది ఎడారి గులాబి. నాన్నకి."

"నాకు?" అన్నాను.

"నీకు కట్టు ఉందిగా మామయ్యా, అది చూసుకో."

ఫెర్న్ అంటే పువ్వు పూయదు, కాయ కాయదు, ఆకులే దాని అందం. పచ్చటి ఈకలు గుత్తిగా కట్టి కుండీలో గుచ్చినట్టు ఉంది. ఎడారి గులాబి సంగతి వేరు. అడుగున ఉల్లిపాయంత లావు బొజ్జ, పైన నాలుగు కొమ్మలు, కొమ్మ చివర్లలో ఆకులు, ఆ ఆకుల మధ్య ఒకే ఒక్క గులాబిరంగు పువ్వు. "బావా, నీ ఫొటో తీసి మొక్క చేశారు" అన్నాను. బావ తన బొజ్జ తడుముకుని, "మరి ఆ పువ్వేదిరా నాకు?" అన్నాడు.

మేనకోడలు మా ముగ్గుర్నీ కూచోబెట్టి పాఠం చెప్పింది. జీవితంలో నేను శ్రద్ధగా విన్న పాఠం అదొక్కటే, కదలటానికి లేదు కాబట్టి.

"చూడు మామయ్యా, రెండూ కుండీలో మొక్కలే గానీ రెండింటికీ పొత్తు కుదరదు. ఫెర్న్‌కి ఎండ పనికిరాదు. వెలుతురు చాలు. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి. గాలి పొడిగా ఉంటే కొసలు మాడిపోతాయి. స్నానాలగది కిటికీ దగ్గర పెట్టండి, ఆ ఆవిరి దానికి సుఖం. ఎడారి గులాబి దీనికి పూర్తిగా తలకిందులు. దానికి మండే ఎండ కావాలి. మట్టిలో సగం ఇసకే. వేలు లోపలికి గుచ్చి చూస్తే పొడిగా తగలాలి, అప్పుడు నీళ్ళు. తడి తగిలిందా, ముట్టుకోవద్దు. దాని నీళ్ళు దాని బొజ్జలోనే ఉంటాయి."

"మరీ దాహం వేస్తే?" అంది అక్క.

"దాహం వేస్తే ఆకులు రాలుస్తుంది. మళ్ళీ వేసుకుంటుంది. దాహంతో చావదమ్మా అది. నీళ్ళతో చస్తుంది."

అక్క బుర్ర ఊపింది. డాక్టరు ముందు ఊపిన ఊపే.

మేనకోడలు వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి అక్క తన రౌండ్లలో ఇద్దరు కొత్త పేషెంట్లని చేర్చుకుంది. పొద్దున్న బావకి బీపీ, నాకు మాత్ర, ఫెర్న్‌కి స్టీలు గ్లాసుడు నీళ్ళు, ఎడారి గులాబికి స్టీలు గ్లాసుడు నీళ్ళు. సాయంత్రం మళ్ళీ అదే వరస. వార్డులో ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోతే ఎలా? అన్నేళ్ళ అలవాటు. పైగా బాల్కనీలో ఎండ నిప్పులు చెరుగుతోందని, సొమ్మసిల్లిపోతుందని ఎడారి గులాబిని తీసుకొచ్చి బావ మంచం పక్కన, ఫ్యాను కింద పెట్టింది.

"అమ్మాయి ఎండలో పెట్టమందే" అన్నాడు బావ.

"అమ్మాయి ఈ ఎండ చూడలేదు."

ఫెర్న్ మాత్రం మా అక్క చేతి చలవకి పొంగిపోయింది. స్నానాలగది కిటికీ దగ్గర రోజుకో కొత్త ఆకు, చుట్టచుట్టుకున్న పిల్లితోకలా లేచి, విచ్చుకునేది. అక్క దానితో మాట్లాడేది కూడా. నాతో ఎప్పుడూ మాట్లాడనంత మెత్తగా. బావకి ఒళ్ళు మండింది.

"దానికి ఈ జైలు పడిందిరా. అందుకే అలా నిగనిగలాడుతోంది. కాస్త ఎండ తగిలితే గట్టిపడుతుంది" అని ఒక మధ్యాహ్నం అక్క కునుకు తీస్తుండగా ఫెర్న్‌ని పట్టుకెళ్ళి బాల్కనీ గోడ మీద పెట్టాడు. నేను వద్దనలేదు. వద్దనటం నా వృత్తి కాదు. అక్క లేచి చూసేసరికి ఆ ఈకలన్నీ కాల్చిన కాగితంలా ముడుచుకుపోయి ఉన్నాయి. ఆవిడ కత్తెర తెచ్చుకుని, స్నానాలగది గడప మీద కూచుని, మాడిన ఆకులు ఒక్కొక్కటే మొదట్లోకి కత్తిరించింది. తిట్టి ఉంటే బావుండేది.

ఇటు ఎడారి గులాబి ఉన్న ఒక్క పువ్వూ రాల్చేసింది. తర్వాత ఆకులు పసుపు తిరిగాయి. అక్క, నీరసం అని, ఇంకో అరగ్లాసు పెంచింది. ఆకులు ఇంకా రాలాయి. మంచం మీద బావ, మంచం పక్కన ఆ బోడి మొక్క, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఉండేవారు. బావ కూడా అప్పటికి మాటలు తగ్గించేశాడు. బాల్కనీలోకి రమ్మంటే వచ్చేవాడు కాదు. ఓనరు వీధిలోంచి కేకేస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. చెవుల వెనకాల మెట్లు పడుతున్నా పట్టించుకోవటం మానేశాడు. బావ తిట్టకపోతే నాకు తోచదు. ఇక లాభం లేదని ఒక పొద్దున్న, అక్క బీపీ మిషను మంచం మీద పెట్టి, పొయ్యి మీద ఏదో పొంగుతోందని వంటింట్లోకి వెళ్ళగానే, ఆ గుడ్డ పట్టీ తీసి ఎడారి గులాబి బొజ్జకి చుట్టాను.

"ఏమండీ, చెయ్యి వదులుగా పెట్టండి. ఊపిరి బిగపట్టకండి" అన్నాను, అచ్చం అక్క గొంతుతో.

బావ ఓరకంట చూశాడు. మూతి ఒక పక్కకి కదిలింది. చాలు, నాకు ప్రాణం లేచొచ్చింది. రబ్బరు బుడ్డి పట్టుకుని పంపు కొట్టటం మొదలుపెట్టాను. పుస్, పుస్, పుస్. పట్టీ బిగిసింది. బిగుస్తూ బిగుస్తూ ఒక్కసారిగా పిచ్చిక్‌మని లోపలికి దిగబడింది. పట్టీ అంచు కింద నుంచి గోధుమరంగు నీళ్ళు కారి, మంచం దుప్పటి మీద పడ్డాయి. కుళ్ళు వాసన.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒరేయ్, ఏం చేశావురా దాన్ని?"

"బీపీ చూశానక్కా. లేదు."

ఆవిడ నన్ను తోసేసి, పట్టీ విప్పి, బొజ్జని బొటనవేలితో నొక్కింది. వేలు గోరు దాకా లోపలికి దిగింది. గాయాలు చూసిన చెయ్యి కాబట్టి వెంటనే తెలిసిపోయింది. వేలు అలాగే ఉంచి, "నీళ్ళు ఎక్కువయ్యాయి" అంది. ఎవరితోనూ కాదు.

ఫోను చేస్తే మేనకోడలు కంగారు పడలేదు. అందరికీ వినపడేలా పెట్టాం.

"పైకి పీకెయ్యండి. మట్టి మొత్తం కడిగెయ్యండి. మెత్తగా ఉన్నదంతా కోసెయ్యాలి. గట్టిగా, తెల్లగా ఉన్న భాగం తగిలేదాకా ఆపకండి. కొంచెం కుళ్ళు మిగిలినా మళ్ళీ పాకుతుంది. ప్రతి కోతకీ కత్తి తుడవాలి. పాలు కారతాయి, విషం, కళ్ళకి తగలనీకండి. ఎవరు కోస్తారు?"

"నేను" అన్నాడు బావ.

ఆ గొంతు విని చాలా రోజులైంది. ఆయన లేచి కూచున్నాడు. వంటింటి చాకు ఇవ్వబోతే వద్దన్నాడు. పై అర వైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం అక్క వైపు చూశాం. ఆవిడ వెళ్ళి రేకు పెట్టె దించి, దుమ్ము తుడిచి, బావ ముందు పెట్టింది.

ఆ పైన ఆవిడ కూడా ఊరుకోలేదు. స్టీలు పళ్ళెం, దూది, స్పిరిటు సీసా తెచ్చింది. నేల మీద పాత దినపత్రిక పరిచింది. బావ గడ్డం కత్తి విప్పి, వెలుతురులో అంచు చూసి, మొక్కని ఎడమచేతిలోకి తీసుకున్నాడు. నేను మత్తు డాక్టర్ని. పేషెంటుకి జోకులు చెప్తూ కూచున్నాను.

కోత మొదలైంది. గడ్డం గీసేటప్పుడు చర్మాన్ని రెండు వేళ్ళతో లాగి పట్టుకుంటారే, అలాగే ఆ బొజ్జని పట్టుకుని పల్చగా, పొరలు పొరలుగా తీశాడు. గోధుమరంగు పొర. కత్తి చాచాడు. అక్క స్పిరిటు దూదితో తుడిచి ఇచ్చింది. ఇంకో పొర. కత్తి చాచాడు, ఆవిడ తుడిచింది. అన్నేళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేయటం అదే మొదటిసారి అనుకుంటాను.

"బావా, పక్కలు కాస్త తక్కువ తియ్యి. ఆయనకి పెళ్ళిచూపులున్నాయి" అన్నాను.

బావ నవ్వాడు గానీ కత్తి పక్కకి పోలేదు. నేను అక్క వైపు చూశాను. ఆవిడ మొక్కని చూడటం లేదు. కత్తి పట్టుకున్న ఆ వేళ్ళని చూస్తోంది. తర్వాత ఆయన మెడ దగ్గర నరాన్ని. తర్వాత చొక్కా బొత్తాల దగ్గర ఊపిరి పైకీ కిందికీ పోవటాన్ని. కోత చాలాసేపు పట్టింది. లోపల ముల్లంగి ముక్కలా తెల్లటి కండ తేలేసరికి బొజ్జ సగానికి సగం పోయింది.

కత్తి కింద పెట్టగానే అక్క ఆయన మణికట్టు పట్టుకుంది. గోడ గడియారం వైపు చూస్తూ లెక్కపెట్టింది. వదిలేసింది.

"ఎంత?" అన్నాడు బావ.

"చేతులు సబ్బుతో కడుక్కోండి. విషం" అంది.

మొక్కని మళ్ళీ నాటటం అప్పుడే కాదట. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్ది, కొమ్మలకి దారం కట్టి, తలకిందులుగా, నీడపట్టున వేలాడదీయాలిట. బాల్కనీలో బట్టల తీగ మీద, నా బనియను పక్కన, ఎడారి గులాబి గబ్బిలంలా వేలాడింది. అక్క దాన్ని చూసి చూసి మళ్ళీ కూతురికి ఫోను చేసింది.

"ఎన్నాళ్ళే ఇలా?"

"గాయం ఎండి తొక్క కట్టేదాకా."

"నీళ్ళు?"

"వద్దమ్మా."

"పోనీ తడిగుడ్డ చుట్టనా?"

"అసలే వద్దు."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు."

నాకు ఇక్కడ ఒక మాట అనాలని నోరు దురద పుట్టింది. బావ కళ్ళతోనే నా నోరు మూయించాడు. మంచిపని చేశాడు. అనవలసినవాడే ఆ సాయంత్రం అన్నాడు. అక్క బీపీ పట్టీ చుట్టబోతుంటే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నన్ను ఆస్పత్రి వాళ్ళు డిశ్చార్జి చేశారే. నువ్వింకా చెయ్యలేదు."

అక్క పట్టీ ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"నేను చాలామందిని చేశానండీ. బట్టలు మార్చి, చెప్పులు వేయించి, మెట్ల దాకా తీసుకెళ్ళాను. 'బాగానే ఉన్నాను సిస్టర్' అని నవ్వేవాళ్ళు. మళ్ళీ తెచ్చినప్పుడు ఆ బట్టలు నేనే విప్పాను, కొందరికి."

"నాకు తెలుసు."

"మీకు తెలీదు. ఆ రోజు ఆయనెవరో సగం గడ్డంతో వచ్చి తలుపు కొట్టినప్పుడు నేను మెట్లెలా దిగానో మీకు తెలీదు."

"నేనా మెట్ల మీద మొన్న సగం దాకా దిగాను. నాకూ కాళ్ళు రాలేదు" అన్నాడు బావ. "నువ్వు లాక్కొచ్చావనుకుంటున్నావు. నువ్వు రాకపోయినా పైకే వచ్చేవాణ్ణి. అదీ నా బాధ."

నేను పిండికట్టు లోపల దురద పెడుతున్నట్టు నటిస్తూ గోడ వైపు తిరిగాను. ఆ రోజు బీపీ ఎవరికీ చూడలేదు.

ఆ మొక్క బతికిందా అని మీకు ఆత్రంగా ఉంటుంది. బతికింది. ఇప్పటికీ ఉంది, ఒక పక్కకి ఒరిగి, అంగవికలుడిలా. పూస్తుంది కూడా, దానికి బుద్ధి పుట్టినప్పుడు. కానీ అదంతా చాలాకాలం తర్వాత సంగతి. అప్పటికింకా అది తీగ మీదే ఉంది. దానివల్లే బావ కుర్చీ దక్కిందని చెప్తే అబద్ధం.

ఆకాశం కాస్త మబ్బు పట్టటం మొదలైంది. ఒక సాయంత్రం ఓనరు వీధిలోకి వచ్చి, ఈసారి అరవకుండా బాల్కనీ కిందికే వచ్చి నిలబడ్డాడు. మొహం చూస్తేనే తెలిసింది.

"అన్నా, ఒకతను వచ్చాడు. పని బాగానే చేస్తాడు. స్కూళ్ళు వచ్చేవారం తెరుస్తున్నారు. రేపు మాట చెప్పాలి అతనికి. ఏం చెప్పమంటావు?"

బావ బాల్కనీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కిందికి చూశాడు, షాపు వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. ఊరందరికీ మాటలు అప్పిచ్చే నేను, కుక్కిన పేనులా కూచున్నాను. ఓనరు అడిగింది బావని కాదని, అక్కనని అందరికీ తెలుసు.

వంటింట్లో కుళాయి ఆగింది. అక్క తడిచేతులతోనే బాల్కనీలోకి వచ్చింది. కమ్మీ మీంచి వంగి, ఓనరు వైపు కాకుండా, వీధి అవతల షాపులోకి చూసింది.

"ఆ కుర్చీ మీద తువ్వాలు ఎన్నాళ్ళైంది ఉతికి?"

"ఏమో వదినా. అన్న వెళ్ళిన దగ్గర్నుంచి అలాగే..."

"ఇక్కడిదాకా కంపు కొడుతోంది. పైకి పంపించు. రాత్రికి ఉతికి ఆరేస్తాను. పొద్దున్న ఆయన వచ్చేటప్పుడు తెస్తారు."

అని లోపలికి వెళ్ళిపోయింది. కుళాయి మళ్ళీ తిరిగింది. ఓనరు ఇంకా కిందే నిలబడి, నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. బావ కమ్మీ వదల్లేదు. "ఏం బావా, తువ్వాలు కంపు నీకు తగిలిందా?" అన్నాను. "నోర్ముయ్‌రా" అన్నాడు.

మర్నాడు పొద్దున్న అక్క తాళం తీసింది. ఇద్దరూ దిగారు. మెట్ల మీద అడుగుల చప్పుడు మలుపు దగ్గర ఆగింది. నేను కుర్చీలో ముందుకి వంగి విన్నాను. చాలాసేపటికి మళ్ళీ మొదలైంది. కాసేపటికి ఇద్దరూ వీధిలోకి వచ్చారు. అక్క పక్కనే నడిచింది గానీ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోకుండా ఉండటానికి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

ఓనరు తెలివైనవాడు. మొదటిరోజు తేలిక పని ఇచ్చాడు. చెవుల చుట్టూ తప్ప ఇంకెక్కడా వెంట్రుక లేని ఒక బట్టతలాయన. మామూలుగా అయితే బావకి అది రెండు నిమిషాల పని. ఆయన మాత్రం ఆ నాలుగు వెంట్రుకల చుట్టూ తిరిగి, తిరిగి, దువ్వి, వంగి చూసి, అద్దం చూపించి, మెడ మీద పౌడరు అద్ది, ఒక పెద్ద జడ అల్లినంతసేపు చేశాడు. బట్టతలాయనకి జన్మలో అంత మర్యాద జరిగి ఉండదు. అక్క మగవాళ్ళ మధ్య బల్ల మీద కూచుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంది. పేజీ ఒక్కటీ తిరగలేదు.

బట్టతలాయన లేవగానే ఆ కుర్చీలో బావే కూలబడ్డాడు. ఓనరు ఫ్యాను ఆయన వైపు తిప్పాడు. అక్క పేపరు దించింది, లేవలేదు. నేనిక్కడ కమ్మీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడిపోయాను. తీగ మీది మొక్క పక్కన నేనూ ఒక మొక్కనే. అరిస్తే వినపడుతుంది, వెళ్ళాలంటే వెళ్ళలేను. బావ ఇన్నాళ్ళూ ఏం చూశాడో, ఎలా చూశాడో, నాకప్పుడు తెలిసింది. క్షవరమైతే గానీ వివరం తెలీదంటారు. నాకు ఇంకొకరి క్షవరంతో తెలిసింది.

చివరికి బావ చెయ్యెత్తి, ఏం లేదన్నట్టు ఆడించాడు. ఎవరికి ఆడించాడో తెలీదు. నాకనే అనుకుని నేనూ ఆడించాను.

ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాడు. మొహం పాలిపోయింది. అక్క దిండు సర్దింది. చెప్పానా అనలేదు, మిషను తేలేదు.

"గుండె?" అంది.

"గుండె బాగానే ఉంది. కాళ్ళే నిలబడలేదు."

"ఊఁ."

"రేపు రెండు చేస్తాను."

"ఒకటి."

"ఇవాళ్టిది తల కిందికి రాదే. అంతా బోడి."

"తల తలే."

"ఇంట్లో మూడోవాణ్ణి, నేను తీర్పు చెప్తాను" అన్నాను. "మధ్యేమార్గంగా ఒకటిన్నర."

"ఆ సగం తల నీదేనా?" అంది అక్క. "అయితే రేపు దాన్నే షాపుకి పంపిస్తాను."

బావ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు. దగ్గుతున్నంతసేపూ అక్క ఆయన్నే చూస్తూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూచున్న చోటే కూచుంది. దగ్గు తగ్గింది. ఆయన అటు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

"ఒకటే" అంది అక్క, ఆ మూసిన కళ్ళ వైపు చూసి.

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఏదో జరిపిన చప్పుడైంది. ఎత్తుపాటి చెక్క స్టూలు ఒకటి రెండు చేతులా మోసుకొచ్చి, దాని మీద చెయ్యి వేసి ఊగుతుందేమో చూసి, కాగితం ముక్క మడిచి ఒక కాలి కింద అంటించి, మళ్ళీ ఊపి చూసి, గుమ్మం పక్కన పెట్టింది.

"ఇదెందుకే?" అన్నాను.

"కూచుని చేస్తే కాళ్ళు లాగవు" అంది. "పొద్దున్న మర్చిపోతాం."